పూడ్చేముందు వినే మనిషి

మావయ్యగారు పోయారన్న కబురు నాకు బడిలో అందింది. వేసవి సెలవులకి ముందు ఆఖరి వారం. పిల్లలు పరీక్ష రాసేసి, ఇంటికి ఎప్పుడు పంపుతానా అని నా మొహంలోకి చూస్తున్నారు. మా పక్కింటాయన సైకిలు గోడకి ఆనించి, గుమ్మం బయటే నిలబడి, "టీచరుగారూ, ఒకసారి ఇంటికి రావాలండి" అన్నాడు. మా కోనసీమలో చావుకబురు ఇలాగే చెబుతారు. ఎవరని అడగక్కర్లేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి "పోయేరా?" అన్నాను. "ఆయ్" అన్నాడు తల వంచుకుని.

పొద్దున్న నేను బయలుదేరేటప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నారు. దగ్గు ఎక్కువగానే ఉంది. కానీ ఆ దగ్గు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ వింటున్నదే, దానికి కొత్తగా కంగారు పడటం ఎప్పుడో మానేశాం. గంజి తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి చేరబడ్డారట. కునుకు తీస్తున్నారనుకుని అత్తయ్యగారు ఆ గ్లాసు కడిగి బోర్లించి వచ్చారట. వచ్చి చూస్తే తల వాలిపోయి ఉందట.

ఆయన నా భర్తకి తండ్రి. భర్త పోయిన తరవాత నన్ను కూతురిలా చూసుకున్నారని రాస్తే చదివేవాళ్ళకి బావుంటుంది గానీ, అది నిజం కాదు. కోడలిలాగే చూశారు. నేను ఎదురుపడితే చుట్ట పక్కన పెట్టేవారు. నా పేరు పెట్టి పిలవలేదు, "అమ్మాయ్" అనేవారు. నా తరఫున ఏ మాట మాట్లాడాల్సి వచ్చినా ముందు నన్ను అడిగేవారు. సొంత కూతుళ్ళని ఇలా అడిగే తండ్రుల్ని నేను పెద్దగా చూడలేదు.

మా ఊరు మామిడికుదురు దగ్గర. పెళ్ళికాకముందే పని వెతుక్కుంటూ గోదావరి ఎగువకి, బొగ్గుగనుల వైపు పోయిన మనిషి ఆయన. ఏం పని అని ఎవరైనా అడిగితే "బెజ్జాలు పూడుస్తానండి" అనేవారు. అడిగినవాళ్ళు నవ్వితే ఆయనా నవ్వేవారు. నేనూ పెళ్ళిచూపుల్లో ఆ మాట విని నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాను. సిగ్గుపడుతోంది అనుకున్నారు.

బొగ్గుగని తవ్వడానికి ఎంతో ముందే, బొగ్గు ఎంత లోతున ఉంది, ఎంత మందాన ఉంది అని తెలుసుకోవడానికి అడవుల్లో, పొలాల్లో, వాగుల పక్కన బోర్లు వేస్తారు. జానెడు వెడల్పు ఉండదు గానీ, తాటిచెట్లని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత లోతు ఉంటుంది. రాతి మచ్చులు పైకి తీసి, పెట్టెల్లో సర్దుకుని, బోరు వేసినవాళ్ళు ఇంకోచోటికి పోతారు. బెజ్జం మిగిలిపోతుంది. ఏళ్ళ తరవాత కింద గని తవ్వుకుంటూ ఆ బెజ్జం దాకా వస్తే, పైనున్న నీళ్ళు లోపలికి దిగడానికి అదే సూటి దారి. ఆ దారి లేకుండా చెయ్యడం మావయ్యగారి పని.

"గొయ్యి పైనుంచి నిండదమ్మాయ్, అడుగు నుంచి నిండాలి" అనేవారు. ఇనుప గొట్టం అడుగుదాకా దింపి, చిక్కటి సిమెంటు పాలు పోస్తూ, కింద నిండుతున్న కొద్దీ గొట్టం పైకి లాక్కుంటూ రావాలి. పైనుంచి పోసేస్తే మధ్యలో ఎక్కడో పట్టుకుని నిండినట్టే కనిపిస్తుంది, కింద బోలుగా ఉంటుంది. పైన కొంతమేర బంకమట్టి ఉండలు వేసి, గట్టిపడేలా దిమ్మిస కొట్టాలి. ఆ పైన, బోరు వేసినప్పుడు విడిగా తీసిపెట్టిన పైమట్టి పొయ్యాలి. మొదటి వాన పడ్డాక మళ్ళీ వెళ్ళి, దిగినచోట ఇంకో తట్ట మట్టి పోసి, నాలుగు జనుము గింజలు చల్లి రావాలి. అక్కడ పచ్చగా మొలిస్తే అప్పుడు పని అయినట్టు. "మూత పెట్టడం వేరు, పూడ్చడం వేరు" అన్నది ఆయన ఇంకో మాట. అన్నం గిన్నె మీద మూత పెడుతూ కూడా ఆ మాటే గుర్తొచ్చేటంతగా విన్నాను.

ఇక నా భర్త పోయిన రోజు. దాని గురించి పొడుగ్గా రాయను. రాస్తే ఏడుస్తాను, ఏడిస్తే ఇది మావయ్యగారి గురించి కాకుండా పోతుంది.

మా పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. నా భర్త గని లోపల నీళ్ళు తోడే పంపుల దగ్గర పనిచేసేవారు. వానాకాలం. వాగు పొంగి ఒకవైపు గట్టు కోసేసింది. ఆ గట్టు మొదట్లో ఒక పాత బోరు ఉంది. మావయ్యగారు ఆ పనిలోకి రాకముందే ఎవరో వేసింది. దాని మూతికి కర్రదుంగ బిగించి, పైన మట్టి కప్పి పోయారు. కాలం గడిచి దుంగ చివికింది. వాగు నేరుగా దాని మీదికి వచ్చింది. చాలామంది బయటపడ్డారు. కొందరు పడలేదు. ఆ కొందరిలో నా భర్త ఉన్నారు.

నీళ్ళు ఆపకపోతే గని మొత్తం మునుగుతుంది. లోపలికి వెతకడానికి దిగినవాళ్ళు కూడా పోతారు. అందుకని ముందు ఆ బెజ్జం పూడ్చాలి. ఆ పని చేతనైనవాళ్ళు మావయ్యగారు, ఆయన జట్టు. "మీరు వద్దండీ, ఇంకెవరినైనా పెడతాం" అన్నారట పై ఆఫీసరు. "నేనే చేస్తానండి" అన్నారట ఈయన. ఎందుకన్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మమ్మల్ని, ఆడవాళ్ళందరినీ, తాడు కట్టి దూరంగా ఆపేశారు. ఇసుక బస్తాలు, ఒక లారీ, జనం వీపులు తప్ప ఏమీ కనపడలేదు. మా పక్కన నిలబడ్డ ఒకావిడ "లోపలున్నోళ్ళకి గాలి అందే దారి అదొక్కటే కదా, అది మూసేస్తారేంటి?" అని కేక పెట్టింది. ఆ కేక అత్తయ్యగారి లోపలికి దిగిపోయింది. నేను పక్కనే ఉన్నాను, దిగడం చూశాను. సాయంత్రానికి నీళ్ళు ఆగాయి. కానీ గనిలో ఆ పక్క భాగం మళ్ళీ ఎండలేదు. వెతికి వెతికి, ఆఖరికి గోడ కట్టి మూసేశారు. నా భర్త శరీరం మాకు దొరకలేదు. పూడ్చడానికి మనిషి లేడు, పూలు పెట్టడానికి చోటు లేదు.

ఆ సాయంత్రం మావయ్యగారు ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా సిమెంటు ఎండిపోయి ఉంది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి "నా కొడుకు మీద మూత పెట్టొచ్చేరా?" అన్నారు. ఆయన తొట్టి దగ్గర కూర్చుని చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

ఆ తరవాత ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడటం మానేశారు. మావయ్యగారు పని మానేశారు, ముగ్గురం మా ఊరు వచ్చేశాం. ఇక్కడికొచ్చాకా అంతే. ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని ఉంటే, "అమ్మాయ్, మీ మావయ్యగారిని చారు పొయ్యమంటారేమో అడుగు" అనేవారు. ఆయన నా వైపు తిరిగి, "చాలని చెప్పమ్మా" అనేవారు. ఆ ఇంట్లో నేను పోస్టాఫీసుని. బయటివాళ్ళు చూస్తే నవ్వుకునేవారు. ఆవిడ మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న: ఆ బెజ్జం మూసేసరికి కొడుకు బతికి ఉన్నాడా? దాన్ని ఆవిడ అడగలేదు. అడగందే ఆయన చెప్పలేదు. నాకు వినాలనీ ఉండేది, వినకూడదనీ ఉండేది.

ఊరొచ్చిన ఏడాదికి మావయ్యగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "అమ్మాయ్, నీకు మళ్ళీ పెళ్ళి చెయ్యమంటే చేస్తాను. చదువుకుంటానంటే చదివిస్తాను. రెండూ వద్దని మాత్రం అనకు" అన్నారు. చదువుకుంటానన్నాను. టీచరు ట్రైనింగుకి పంపారు. మొదటి రోజు అమలాపురం బస్సు దాకా నా ట్రంకుపెట్టె ఆయనే మోశారు. దగ్గు వస్తే పెట్టె కింద పెట్టి, దగ్గి, మళ్ళీ ఎత్తుకున్నారు. నన్ను పట్టుకోనివ్వలేదు. ఈవేళ నేను సుద్దముక్క పట్టుకుంటున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట ఆయన బతికుండగా అని ఉంటే "ఊరుకో అమ్మాయ్" అని కసురుకునేవారు.

నేను ట్రైనింగు ముగించుకుని వచ్చిన రోజుల్లోనే మా వైపు సర్వే లారీలు రావడం మొదలైంది. భూమిలో గ్యాసు ఉందో, చమురు ఉందో చూస్తామని వచ్చారు. కొబ్బరితోటల్లోంచి, వరిచేలల్లోంచి, బోదె కాలవల గట్ల మీదుగా తాడు పట్టి గీసినట్టు వరసగా బోర్లు వేసేవారు. వాటిలో మందు పెట్టి పేల్చేవారు. కాళ్ళ కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడేది, చెట్ల మీంచి పిందెలు రాలేవి. తీగలు చుట్టుకుని వాళ్ళు ముందుకి పోయేవారు. పోయేముందు పారతో కాస్త మట్టి నెట్టేవారు, నెట్టకుండా పోయినచోట్లూ ఉన్నాయి.

ఆ బెజ్జాలని మా వాళ్ళు ఏం చేశారో చెప్పాలి. కోనసీమలో నేలలో ఏ గొయ్యి కనిపించినా కొబ్బరిడొక్కలు, అంటే కాయ ఒలిచిన పీచు తొక్కలు, కప్పెట్టడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చెట్టు మొదట్లో డొక్క పాతితే తేమ పట్టి ఉంచుతుంది, చెట్టుకి మంచిది. అందుకని సర్వే బెజ్జాల్లోనూ డొక్కలే కూరి, పైన మట్టి సర్దేశారు. అందరం అదే చేసేవాళ్ళం, అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. కానీ డొక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, తరవాత చివికి కుంగుతుంది. పైన గడ్డి మొలిచి ఉంటుంది, కింద ఏమీ ఉండదు.

మావయ్యగారు అది మొదటిసారి చూసినప్పుడు బోదెగట్టు మీద చతికిలబడిపోయారు. కర్రదుంగ గుర్తొచ్చి ఉంటుంది. మర్నాటినుంచి ఒక ఇనుప గొట్టం, సుత్తి, పార, బంకమట్టి తట్ట పట్టుకుని తోటలు తిరగడం మొదలుపెట్టారు. "డొక్క తీసేసి మట్టితో పూడుస్తానండి, నాకేం ఇవ్వక్కర్లేదు" అని ప్రతి గుమ్మంలో నిలబడి అడిగేవారు. సరేనన్నవాళ్ళు కొందరు. "మా తోటలో మళ్ళీ తవ్వుతారేంటండీ, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని పంపేసినవాళ్ళు ఎక్కువ. సర్వే క్యాంపుకీ వెళ్ళారు. అక్కడి ఆఫీసరు కుర్చీ వేసి, టీ ఇప్పించి, అంతా విని, "చూస్తామండి" అన్నాడు. చూడలేదు. ఆయన పూడ్చగలిగినవి తక్కువే. మిగతావి మా నేలలో ఇప్పటికీ ఉన్నాయి.

పూడ్చేముందు ఆయనకి ఒక అలవాటు ఉండేది. డొక్కలన్నీ తీసేశాక గొట్టం లోపలికి దింపి, పైన సుత్తితో టంగుటంగున కొట్టేవారు. కొట్టి, బోర్లా పడుకుని, గొట్టానికి చెవి ఆనించి వినేవారు. అంతసేపూ దగ్గు బిగబట్టేవారు. లేచాకే దగ్గేవారు. "ఏవండీ, పాతాళంలోవాళ్ళు పలుకుతున్నారా?" అని ఆ తోటల ఆసాములు వేళాకోళం చేసేవారు. "పలికితే పూడ్చనండి" అనేవారు ఆయన. వాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు. బడి లేని రోజుల్లో మట్టి ఉండలు చేసి అందిస్తూ నేనూ అక్కడే ఉండేదాన్ని. ఎందుకు వింటున్నారో నాకు తెలుసు. అడగలేదు. అత్తయ్యగారు మాత్రం ఆయన ఆ సుత్తి పట్టుకుంటే చాలు, లోపలికి పోయి తలుపు వేసుకునేవారు. ఆయన వినడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఒకసారి దగ్గు ముదిరి ఆయన్ని అమలాపురం ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. నేను ఆయన దగ్గర ఉన్నాను. ఆ రోజుల్లోనే సర్వే వరస మా ఇంటి వెనక కొబ్బరితోటలోంచి పోయింది. మేం తిరిగొచ్చేసరికి అంతా చదునుగా ఉంది. అత్తయ్యగారు ఒంటరిగా ఆ బెజ్జంలో డొక్కలు కూరి, మట్టి కప్పి, పైన కొబ్బరికమ్మలు పరిచేశారు. మాకు చెప్పలేదు. చెబితే ఆ గొట్టం, ఆ సుత్తి ఆవిడ పెరట్లోకే వస్తాయి. భరించలేక దాచారు. అదేమీ తప్పని నేను అనను.

రెండు వానాకాలాలు గడిచాయి. మూడో వానాకాలంలో ఒక మధ్యాహ్నం దూడ అరుపు వినిపించి పరిగెత్తాం. మా పెయ్యదూడ ముందు కాలు తొడ దాకా నేలలోకి దిగిపోయి ఉంది. బెదిరి గుంజుకోవడంలో ఎముక విరిగి బయటికొచ్చింది. తల్లి ఆవు కట్టుతాడు తెంచుకుని వచ్చి దాని మొహం నాకుతోంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇది నిలబడదన్నాడు. మర్నాడు పొద్దున్నకి చచ్చిపోయింది. అత్తయ్యగారు దాని పక్కనే కూర్చున్నారు. ఆవిడే మేత కోసి పెట్టి పెంచిన దూడ. "నేనే, నేనే కప్పెట్టేను" అని నాతో అన్నారు. ఆయనకి చెప్పమన్నట్టు కాదు. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, విన్నారు.

"చెబితే వినరు కదా" అని ఎవరైనా అంటారు. నేనైతే అనేసేదాన్నే. మావయ్యగారు మాత్రం దూడని తోట చివర పూడ్చి వచ్చి, వెదురుకి కొక్కెం కట్టి, ఆ బెజ్జంలోంచి చివికిన డొక్కలు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టారు. కుళ్ళు వాసన పెరడంతా కమ్మేసింది. అంతా శుభ్రమయ్యాక గొట్టం దింపారు. అప్పుడే వాన వెలిసింది, నేల చిత్తడిగా ఉంది. సుత్తితో కొట్టి, ఆ బురదలోనే బోర్లా పడుకుని చెవి ఆనించారు.

ఆ వేళ అత్తయ్యగారు లోపలికి పోలేదు. పెరటి గుమ్మంలో నిలబడి చూశారు. మెట్లు దిగి, నెమ్మదిగా నడిచి మా దగ్గరికొచ్చారు.

"ఏం వింటన్నారు?" అన్నారు.

అలవాటుకొద్దీ ఆ మాట ఆయనకి అందించబోయి నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. ఆయన్నే అడుగుతున్నారు.

ఆయన మోకాళ్ళ మీద లేచారు. చెవికి బురద అంటుకుని ఉంది. "ఏం లేదు. అలవాటు."

"ఆవేళ విన్నారా?"

ఏ వేళో ఎవరూ చెప్పక్కర్లేదు. నా చేతిలో మట్టి ఉండ అలాగే ఉండిపోయింది.

"విన్నాను" అన్నారు మావయ్యగారు. "వినడానికే నేను చేస్తానన్నాను. ఇంకోడైతే వినకుండా పూడ్చేస్తాడని. గొట్టం దింపి కొట్టేను. కింద ఎవరన్నా ఉంటే ఇనుము మీద తిరిగి కొడతారు. గనిలో అందరికీ తెల్సు అది. అబ్బాయికి నేనే నేర్పేను. లారీ ఆపించేను. అందర్నీ నోరు మూసుకోమన్నాను. మళ్ళీ కొట్టేను. ఆఫీసరుగారొచ్చి భుజం మీద చెయ్యేసి, ఇంక చాలండి అనేదాకా కొడతానే ఉన్నాను."

"పలికేడా?"

"లేదు."

అత్తయ్యగారు కళ్ళు మూసుకున్నారు. అక్కడితో ఆపేసి ఉంటే ఆవిడకి కొంత ఊరట దక్కేదేమో. ఆయన ఆపలేదు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు, సగం చెప్పడమూ చేతకాదు.

"నీళ్ళ హోరే. అన్ని నీళ్ళు దిగుతుంటే ఏం వినపడుద్ది? వాడు లేకే పలకలేదో, పలికినా నాకు వినపడలేదో తెల్దు. దేవుడి తోడు, నాకు తెల్దు. తెల్సుంటే నీకు ఆవేళే చెప్పేవోణ్ణి. తెలీకే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాను."

ఆయన ఏడవడం నేను ఆ ఒక్కసారే చూశాను. శబ్దం లేదు. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని తల దానికి ఆనించారు. నాకూ ఏడుపు ముంచుకొచ్చింది. ఎన్నాళ్ళనుంచో మా ముగ్గురి మధ్యా కమ్మలు కప్పి ఉన్నది ఆ మధ్యాహ్నం తెరుచుకుంది. లోపల చూస్తే మంచీ లేదు, చెడ్డా లేదు. తెలియదు అన్న మాటే ఉంది.

అత్తయ్యగారు బురదలో కూర్చున్నారు. నా ముందున్న తట్టలో చెయ్యి పెట్టి, మట్టి తీసి, అరచేతుల మధ్య నిమ్మకాయంత ఉండ చేశారు. చెయ్యడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. దాన్ని ఆయన చేతిలో పెట్టారు.

"పూడ్చండి" అన్నారు. "అడుగు నుంచి పూడ్చండి."

ఆవిడ ఆయన్ని క్షమించారని నేను రాయను. క్షమించడానికి ఆయన చేసింది తప్పు కాదు, మరిచిపోవడానికి అది చిన్న విషయమూ కాదు. ఆయన ఇచ్చిన జవాబు పక్కన పెట్టుకుని ఎవరికీ నిద్ర పట్టదు. మా ఇంట్లో ఆ తరవాత ఎవరం హాయిగా నిద్రపోయామని కూడా చెప్పలేను. కానీ ఆ సాయంత్రం కంచంలో అన్నం పెట్టి, "ఏవండీ, రండి, చల్లారిపోతంది" అని ఆవిడే పిలిచారు. నా పోస్టాఫీసు ఆ పూటతో మూతబడింది. బెజ్జం మీద ఆయన చల్లిన జనుము ఆ ఏడు పూసింది. ఆవిడ ఆ పువ్వుల్ని కోయనివ్వలేదు.

అక్కడినుంచి మొన్నటిదాకా గడిచినవి చెప్పుకోదగ్గ రోజులు కావు. దగ్గు పెరిగింది. తోటలు తిరగడం తగ్గింది. ఆదివారం చర్చికి నడిచి వెళుతూ దారిలో నేల కుంగినచోట కర్రతో గుచ్చి చూసేవారు. "తవ్వేవాడికి కింద ఉన్నది కావాలి అమ్మాయ్. పూడ్చేవాడికి ఏం కావాలి? ఆ దారిన పోయేవోడి కాలు" అన్నారు ఒకసారి. నేను దాన్ని బడిలో పిల్లలకి చెప్పాను. వాళ్ళకి అర్థమైందో లేదో గానీ, చెప్పడం నాకు బావుంది.

ఇక ఆయన్ని పూడ్చిన రోజు. మా నేల సంగతి తెలిసిందే, నిలువెత్తు తవ్వకముందే నీళ్ళు ఊరతాయి, వేసవైనా సరే. సమాధుల దొడ్డిలో గొయ్యి తీసినవాళ్ళు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. పెట్టె దింపేసరికి మళ్ళీ కాస్త నీరు చేరింది. కొడుకు నీళ్ళలో, తండ్రి నీళ్ళలో అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు నాకే భయం వేసింది. పాస్టరుగారు ప్రార్థన చేశాక తలో గుప్పెడు మట్టి వేశారు. అత్తయ్యగారి వంతు వచ్చింది. ఆవిడ మట్టి తీసుకుని వెంటనే వెయ్యలేదు. అరచేతుల మధ్య గుండ్రంగా ఉండ చేసి, అంచున వంగి, వదిలారు. అది పెట్టె మీద పడ్డ చప్పుడు అందరం విన్నాం.

మట్టి నింపుతుంటే "పైమట్టి విడిగా ఉంచండి, ఆఖర్న వేద్దురుగాని" అన్నాను. వింతగా చూసినా ఉంచారు. "కొంచెం కొంచెం పోసి దిమ్మిస కొట్టండి" అన్నాను. గొయ్యి తీసిన పెద్దాయన పార ఆపి, "మనిషండీ బాబూ. మనిషి మీద దిమ్మిస కొడతామా టీచరమ్మా? వానకి అదే దిగుద్దండి, అప్పుడు పోసుకోవచ్చు" అన్నాడు. మావయ్యగారైతే ఏమనేవారో అని ఆలోచించాను. ఆయనైనా ఒప్పుకునేవారే. సిమెంటు సిలువ పోయించడానికి ఇంకా టైము పడుతుందన్నారు. అందాకా గుర్తుకి ఏం పెడదామంటే, ఆయన ఇనుప గొట్టమే తెప్పించి తలవైపు పాతించాను. అడ్డంగా ఒక కర్ర కట్టాం.

మొన్న మొదటి వాన పడింది. ఒక పగలంతా కురిసి, మర్నాటికి తెరిపిచ్చింది. బడి తెరిచిన కొత్త, పిల్లల్ని పంపేసి ఇంటికొచ్చి, తట్టలో మట్టి ఎత్తుకుని సమాధుల దొడ్డికి బయలుదేరాను. మొదటి వాన తరవాత వెళ్ళాలి, అంతే. నాకెవరూ చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు. అత్తయ్యగారు ఇంట్లో లేరు. చర్చిలోనో, పక్కింట్లోనో ఉంటారనుకున్నాను.

దూరంనుంచే కనిపించారు. సమాధి మధ్యలో కుంగింది. గొయ్యి తీసిన పెద్దాయన అన్నట్టే దిగింది. ఆవిడ తడినేల మీద మోకాళ్ళూని ఉన్నారు. పక్కన ఒక తట్ట మట్టి. ఒక చేతిలో ఆయన సుత్తి. నేను దగ్గరికి చేరేసరికి సుత్తితో గొట్టం మీద టంగుటంగున కొట్టి, వంగి, నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, చెవి ఆనించారు.

"అత్తయ్యగారూ" అనబోయాను. తల ఎత్తకుండానే రెండో చెయ్యి పైకి లేపారు, ఆగమన్నట్టు. ఆగాను. చంకలో తట్ట బరువుగా ఉంది, దింపితే చప్పుడవుతుందని దింపలేదు. కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి, అంతకు మించి చప్పుడు లేదు. ఆవిడ చాలాసేపు విన్నారు. ఆయన విన్నంతసేపూ విన్నారు.

తరవాత నిటారుగా కూర్చుని, సుత్తి పక్కన పెట్టి, కొంగు కొసన ముడి విప్పారు. ముడిలో జనుము గింజలున్నాయి.

"ఇంక పొయ్యి అమ్మాయ్" అన్నారు.